కుదిపితే కలిసేది, వదిలితే విడిపోయేది

ఆఫ్టర్‌షేవ్ గడ్డం గీసుకున్న తరవాత చర్మానికి రాసుకొనే ద్రవం. మామూలు రకాల్లో ఎక్కువ పాలు మద్యసారం, అంటే ఇథైల్ ఆల్కహాల్. తక్కినది నీరు, కొద్దిగా గ్లిజరిన్, చల్లదనానికి మెంథాల్, వాసనకు పరిమళ తైలాలు. కత్తి గాటు మీద మంట పుట్టించేదీ, క్రిములను చంపేదీ, ఆవిరైపోతూ చెంపలను చల్లబరిచేదీ ఆ మద్యసారమే. రాసుకొనే ముందు సీసాను కుదపాలా అంటే, వాడేవారికి కావలసిన జవాబు చిన్నది: తేటగా ఉన్నదాన్ని కుదపనక్కర్లేదు, పొరలు కట్టినదాన్ని కుదపాలి. ఎందుకలా అని అడిగితే మాత్రం తత్త్వశాస్త్రంలోని చాలా పాత వివాదం ఎదురవుతుంది. రెండు పదార్థాలు కలిసినప్పుడు కొత్తది ఒకటి పుడుతుందా, లేక ఆ రెండే పక్కపక్కన ఉండిపోతాయా? మతం దగ్గరకు వచ్చేసరికి ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. నిషిద్ధమైన మద్యం వేరేవాటితో కలిసి ఒంటికెక్కినప్పుడు, దాని వెంట నిషేధం కూడా వస్తుందా?

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ లాంటి ఊళ్లో ఇది పుస్తకాలలో మిగిలిపోయే ప్రశ్న కాదు. గోండి, కొలామి, లంబాడి, ఉర్దూ, మరాఠీ, తెలుగు ఒకే అంగడిలో వినిపించే ప్రాంతమిది. ఇప్పపువ్వు సారాను దేవుడికి ధారపోసే గోండులు, మద్యాన్ని అపవిత్రంగా ఎంచే ముస్లింలు, సురాపానాన్ని మహాపాతకాల్లో చేర్చిన స్మృతులను గౌరవించే హిందువులు, గురువు మాట మీద సారా మానుకున్న ఆదివాసులు ఇక్కడ ఇరుగుపొరుగున బతుకుతారు. కటింగ్ షాపులో అద్దం ముందున్న సీసా మాత్రం అందరికీ ఒకటే.

ముందు సీసా సంగతి. పరిమళ తైలాలు నీటిలో కరగవు, మద్యసారంలో కరుగుతాయి. మద్యసారమేమో నీటితో ఏ పాళ్లలోనైనా కలుస్తుంది. కాబట్టి అది తగినంత ఉన్న సీసాలో తైలమూ నీరూ దాని ఆసరాతో ఒకే తేట ద్రవంగా నిలుస్తాయి. అణువుల స్థాయిలో జరిగే ఈ కలయికను ద్రావణం అంటారు. కదపకుండా ఎంతకాలం ఉంచినా అది పొరలుగా విడిపోదు, కుదిపినా ఇంతకన్నా కలవదు. మద్యసారం పాలు తగ్గితే తైలం సన్నని బొట్లుగా బయటపడి ద్రవం తెల్లబారుతుంది. గ్రీకుల సోంపు మద్యం ఊజోలో నీళ్లు పోస్తే పాలలా మారేది ఇందుకే. తెల్లని ఆఫ్టర్‌షేవ్ బామ్ తీరు వేరు. అందులో నూనె బొట్లు నీటిలో తేలుతుంటాయి, అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా ఎమల్సిఫయర్ అడ్డుపడుతుంది. మూడో రకానికి ఆ సాయం లేదు. నూనె పైకి, నీరు కిందికి చేరతాయి, లేదా కాలమిన్ లోషన్‌లో లాగా పొడి అడుగున పేరుకుంటుంది. దీన్ని కుదపాలి, కుదిపిన వెంటనే అరచేతిలోకి పోసుకోవాలి. కుదపకుండా వాడితే కొన్నాళ్లు ఒట్టి నూనె, కొన్నాళ్లు ఒట్టి నీరు చేతికొస్తాయి.

ఆఫ్టర్‌షేవ్‌లు రాకముందు నుంచీ క్షురకుల పెట్టెలో ఉన్న పటిక బిల్లకు ఈ చిక్కేమీ లేదు, తడిపి రుద్దితే చాలు. అయినా పటిక కూడా కలయిక వల్ల ఏర్పడినదే. పొటాషియం సల్ఫేటు ఒక పాలు, అల్యూమినియం సల్ఫేటు ఒక పాలు, 24 నీటి అణువులు చేరి ఒకే స్ఫటికమవుతాయి. ఆ స్ఫటికానికి తనదైన ఆకారం ఉంది, ఎంత కదిపినా మూడుగా విడిపోదు. ఇలా కలయికకు మూడు మెట్లున్నాయి: చేతి ఊపు ఉన్నంతసేపే నిలిచేది, ఊపుతో పనిలేకుండా నిలిచేది, కొత్త రూపమే కట్టేది. కలయిక గురించిన వాదాలన్నీ ఈ మూడింటిలో దేన్ని అసలైన కలయిక అనాలన్న దగ్గరే తెగాయి.

తర్కం నేర్చుకొనేవారు మొదట చేతబట్టే తర్కసంగ్రహాన్ని 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాశాడు. న్యాయ వైశేషిక దర్శనాల సారమైన ఆ చిన్న పుస్తకం ద్రవ్యాలు తొమ్మిదని, గుణాలు ఇరవైనాలుగని లెక్క చెబుతుంది. ఆ లెక్కలో గంధం పృథివికి మాత్రమే చెందిన గుణం. నీటికి వాసన లేదు, గాలికీ లేదు. పన్నీటికి వాసన ఉన్నట్టు తోస్తే, అందులో చేరిన పృథివి కణాల వాసనను మనం నీటికి అంటగట్టామన్నమాట. ఆఫ్టర్‌షేవ్‌కు ఈ సిద్ధాంతం నేరుగా వర్తిస్తుంది. చర్మాన్ని తడిపేది ఒక ద్రవ్యం, ముక్కుకు తగిలేది మరొక ద్రవ్యానికి చెందిన గుణం. సీసా ఒకటే అయినా లోపల ఉన్నవి ఒకటి కావు.

నైయాయికులు ఇక్కడితో ఆగలేదు. దారాలు కలిసి వస్త్రం పుట్టినప్పుడు వస్త్రం దారాల కన్నా వేరైన కొత్త ద్రవ్యమని, దాన్ని అవయవి అంటారని వారి మతం. అవయవాలకూ అవయవికీ మధ్య ఉండేది సమవాయం, విడదీయరాని సంబంధం. అయితే ఆ అవయవాలు ఒకే జాతివి కావాలి. పృథివి, జలం లాంటి వేరు జాతుల ద్రవ్యాలు కలిసి ఒక కొత్త ద్రవ్యాన్ని పుట్టించలేవు. మనిషి శరీరాన్ని కూడా వారు పార్థివమనే అన్నారు. అందులో నీరు, వేడి, గాలి లేవని కాదు, అవి తోడుగా ఉన్నాయే తప్ప శరీరానికి ఉపాదానం కావని. వేరు జాతుల మధ్య ఉండేది సంయోగం మాత్రమే. సంయోగం ఒక గుణం, విభాగం రాగానే నశిస్తుంది. కుదిపిన రెండు పొరల సీసాకు ఇంతకన్నా సరైన వర్ణన దొరకదు. చేతి కదలిక సంయోగాన్ని కలిగిస్తుంది, సీసాను బల్ల మీద పెట్టగానే విభాగం మొదలవుతుంది. బౌద్ధులు అవయవినే ఒప్పుకోలేదు. కణాల గుంపును వ్యవహారం కోసం ఒకటిగా పిలుస్తున్నామే తప్ప గుంపు కన్నా వేరుగా ఏదీ లేదన్నారు. ఈ లెక్కన కుదిపిన సీసాకూ కుదపని సీసాకూ తేడా అమరికలోనే ఉంటుంది.

అలంకారశాస్త్రం ఇదే భేదాన్ని కవిత్వంలోకి తీసుకుంది. ఒకే పద్యంలో రెండు అలంకారాలు నువ్వులూ బియ్యమూ కలిసినట్టు విడివిడిగా కనబడితే సంసృష్టి, పాలూ నీళ్లూ కలిసినట్టు విడదీయరాకుండా ఉంటే సంకరం. కలయికలో రకాలున్నాయని, అన్నిటికీ ఒకే పేరు చాలదని ఆ పండితులు గుర్తించారు.

గ్రీసులో ఈ వాదం మద్యాన్నే ఉదాహరణగా పట్టుకొని నడిచింది. పక్కపక్కన ముక్కలు చేరడాన్ని మిశ్రమం అనకూడదని అరిస్టాటిల్ పట్టుబట్టాడు. లింక్యూస్ అనే పురాణపురుషుడికి చాలా సూక్ష్మమైన చూపు ఉండేదట. అతడి కంటికి ముక్కలు వేరువేరుగా కనిపిస్తే, అది మన కంటికి మాత్రమే కలిసినట్టు. నిజమైన మిశ్రమంలో ఎంత చిన్న భాగం తీసుకున్నా మొత్తం లాగానే ఉండాలి. ఒక పాలు మరీ ఎక్కువైతే అసలు మిశ్రమమే ఉండదని కూడా అన్నాడు. పదివేల కొలతల నీటిలో పడ్డ ద్రాక్షమద్యపు బొట్టు కలవదు, తన రూపం పోగొట్టుకొని నీరైపోతుంది. స్టోయిక్ తాత్త్వికుడు క్రిసిప్పస్ దీనికి పూర్తిగా ఎదురు తిరిగాడు. ఒక్క బొట్టు మద్యం సముద్రమంతటా వ్యాపించగలదని, అప్పుడు కూడా తన గుణాన్ని వదులుకోదని అతడి వాదం. నూనె పట్టించిన స్పంజితో మద్యం నుంచి నీటిని వేరు చేయవచ్చని స్టోయిక్కులు రుజువు కూడా చూపారు.

వీరిలో పూర్తిగా నెగ్గినవారు లేరు. సమానంగా తీసుకున్న నీటినీ మద్యసారాన్నీ కలిపితే వచ్చే పరిమాణం రెండింటి మొత్తం కన్నా తక్కువ. 50 మిల్లీలీటర్లకు 50 చేరిస్తే నూరు రాదు, సుమారు 96 లేదా 97 వస్తుంది. అణువులు ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కొని సర్దుకుంటాయి. ఒట్టి పక్కపక్క చేరికైతే ఈ తరుగు ఉండకూడదు, కనుక నైయాయికుల సంయోగం ఇక్కడ చాలదు. మరోవైపు బట్టీ పెట్టి కాచితే మద్యసారం మళ్లీ వేరుగా వస్తుంది, కనుక అది నశించలేదు. అయితే మామూలు బట్టీ ఎన్నిసార్లు పట్టినా బరువులో సుమారు 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన నీరు వదలదు. కలిసినదానిలో పాతవి ఉన్నాయి, ఉన్నట్టుగా మాత్రం లేవు. తత్త్వవేత్తలు ఔను, కాదు అని తేల్చబోయిన చోట పదార్థం ఈ మధ్యస్థితిలో ఉంది. దీన్ని ఒప్పుకోకుండా శుద్ధి గురించి ఏ తీర్పు చెప్పినా అది తొందరపాటే.

కుదపడం అనే పనికి మతాలలో ఒక ప్రసిద్ధ కథ ఉంది. క్షీరసాగర మథనంలో దేవతలూ రాక్షసులూ సముద్రాన్ని చిలికింది కలపడానికి కాదు, వేరు చేయడానికి. ఒకే కదలిక ఒక ద్రవంలో పొరలను కలుపుతుంది, మరొక ద్రవంలో లోపలున్నదాన్ని బయటికి తెస్తుంది. మజ్జిగ చిలికే ఇంట్లో వెన్న తేలేది ఈ రెండో విధంగానే. ఆ సముద్రం నుంచి విషం వచ్చింది, అమృతం వచ్చింది, మద్యానికి దేవత అయిన వారుణి కూడా వచ్చింది. ఆమెను ఎవరు స్వీకరించారన్న దగ్గర గ్రంథాలు చీలాయి. రామాయణ బాలకాండలో అదితి కొడుకులు ఆమెను స్వీకరించి సురులయ్యారు, కాదన్న దితి కొడుకులు అసురులయ్యారు. భాగవతం అష్టమస్కంధంలో ఆమెను తీసుకున్నది అసురులు. ఒకే సంప్రదాయంలోని రెండు గొప్ప గ్రంథాలు మద్యాన్ని చెరొక పక్షానికి ఇచ్చాయన్నది మామూలుగా దాటవేసే సంగతి కాదు. మద్యం స్వభావతః అపవిత్రం అన్న మాటను పురాణం కూడా ఒక్క గొంతుతో చెప్పలేదు.

కుదపడమే వస్తువు సారాన్ని మారుస్తుందని గట్టిగా చెప్పిన శాస్త్రం హోమియోపతి. జర్మన్ వైద్యుడు హానెమాన్ (1755–1843) మందును మద్యసారంలో పలచన చేసి, ప్రతి మెట్టులోనూ సీసాను బలంగా కొట్టి కుదపాలన్నాడు. తోలు అట్టవేసిన పుస్తకం లాంటి గట్టిగా ఉండి సాగే వస్తువు మీద కొట్టమన్నాడు. ఆయన చివరిగా దిద్దిన ఆర్గనాన్ ఆరో కూర్పులో ఒక్కో మెట్టుకు నూరు దెబ్బలు చెప్పాడు. ఆ కదలికతో పదార్థంలో నిద్రిస్తున్న శక్తి మేల్కొంటుందని ఆయన నమ్మకం. నూరో వంతు చొప్పున పన్నెండు మెట్లు దాటాక మొదటి పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదని రసాయన గణితం చెబుతుంది. ఇక్కడ కుదపడం పొరలను సరిచేసే పని కాదు, లేనిదానికి ఉనికిని ఇచ్చే క్రియ. ఆ బరువును ఒక చేతి ఊపు మోయలేదు. కాలమిన్ లోషన్‌ను కుదిపితే అడుగున ఉన్న పొడి పైకి వస్తుంది, ఎందుకంటే పొడి అక్కడ ఉంది.

ఇక నిషేధం సంగతి. మనుస్మృతి 11వ అధ్యాయం సురను మూడు విధాలుగా చెబుతుంది: బెల్లం నుంచి వచ్చే గౌడి, పిండి నుంచి వచ్చే పైష్టి, మూడోది మాధ్వి. మాధ్విని ఇప్పపువ్వు నుంచి తీసినదిగా అర్థం చెప్పినవారున్నారు. అదే అధ్యాయం మద్యాన్ని వాసన చూడడాన్ని కూడా దోషాల్లో లెక్కించింది. భారతదేశంలో పరిశ్రమలు వాడే మద్యసారంలో పెద్ద భాగం చెరకు మడ్డి నుంచి వస్తుంది. మూలాన్ని బట్టి తీర్పు చెప్పేవారికి ఆఫ్టర్‌షేవ్‌లో ఉన్నది గౌడీ వంశానిదే అవుతుంది. అయితే స్మృతి పాతకంగా చెప్పింది పానాన్ని. ఆయుర్వేదం మద్యసారం సహజంగా పుట్టే ఆసవాలనూ అరిష్టాలనూ మందుగా ఇచ్చింది. చరకసంహితలో ఇప్పపువ్వుతో చేసే మధూకాసవం కూడా ఉంది. ఒకే పువ్వు రసం స్మృతిలో పాతకానికి, వైద్యంలో గ్రహణి అనే జీర్ణవ్యాధి చికిత్సకు పనికొచ్చింది.

ఇస్లామ్ ధర్మశాస్త్రంలో ఈ చర్చ ఇంకా లోతుగా సాగింది, అక్కడి పండితులు కలయికను, మార్పును వేరువేరు పేర్లతో విడదీసి చూశారు. ఖురాన్ ఐదో అధ్యాయం 90వ ఆయత్ మద్యాన్ని, జూదాన్ని, విగ్రహపీఠాలను, బాణాలతో జోస్యాన్ని కలిపి రిజ్స్ అంటుంది, అంటే రోత అయినవి. ఇది ఒంటికి అంటే మలినమా, మనసుకు అంటే మలినమా అన్నది ప్రశ్న. నాలుగు న్యాయసంప్రదాయాల్లో ఎక్కువమంది మద్యం భౌతికంగానే మలినమన్నారు. అది అంటిన బట్టతో నమాజు కుదరదన్నారు. ఇమామ్ మాలిక్ గురువైన రబీఆ, ఈజిప్టు పండితుడు లైస్ బిన్ సఅద్, షాఫిఈ శిష్యుడు ముజనీ మాత్రం కాదన్నారు. జూదం తాకితే చేయి మలినం కానట్టే ఇదీ నైతికమైన రోతే అన్నది ఆ పక్షం వాదం. నిషేధం వచ్చిన రోజు మదీనా వీధుల్లో మద్యాన్ని పారబోశారన్న హదీసును కూడా ఆ పక్షం చూపింది. మలినమే అయితే జనం నడిచే దారుల్లో పారబోయనిచ్చేవారా?

దక్కనులో ఎక్కువమంది ముస్లింలు అనుసరించే హనఫీ సంప్రదాయం మూలాన్ని పట్టుకుంది. ద్రాక్ష, ఖర్జూరాల నుంచి వచ్చినదానికి ఒక తీర్పు, తక్కినవాటికి మరొకటి. ఈ దారినే ముఫ్తీ తఖీ ఉస్మానీ లాంటి ఆధునిక పండితులు సెంట్లలో వాడే మద్యసారానికి అనుమతి చెప్పారు. చెరకు మడ్డి నుంచి వచ్చింది ఆ కఠినమైన కోవలోకి రాదు. మనుస్మృతిలో గౌడిగా పట్టుబడేది హనఫీ లెక్కలో మూలం వల్లనే బయటపడడం గమనించదగ్గ విషయం. రెండు చోట్లా పుట్టుకే ప్రమాణం, తీర్పులు మాత్రం ఎదురెదురు.

అదే శాస్త్రంలో ఇస్తిహాలా అనే సూత్రం ఉంది: వస్తువు సారమే మారిపోతే పాత తీర్పు దాన్ని వెంటాడదు. ఉప్పు గనిలో పడి ఉప్పైపోయిన గాడిద హనఫీ గ్రంథాల ప్రసిద్ధ ఉదాహరణ, ఆ ఉప్పు శుద్ధమే. మద్యం సిర్కాగా, అంటే వెనిగర్‌గా మారితే అదీ శుద్ధం. మనిషి పూనుకొని సిర్కా చేస్తే హనఫీలు ఒప్పుకుంటారు, దానంతట అది మారితేనే షాఫిఈలు ఒప్పుకుంటారు. మరో సూత్రం ఇస్తిహ్లాక్. కొద్దిపాటి వస్తువు పెద్ద రాశిలో పడి రంగు, రుచి, వాసన ఏవీ మిగలకుండా కరిగిపోవడం. అరిస్టాటిల్ చెప్పిన పదివేల కొలతల నీటికి ఇది చాలా దగ్గర. ఆఫ్టర్‌షేవ్‌కు ఈ రెండూ వర్తించవు. అందులో మద్యసారం మద్యసారంగానే ఉంది, సిర్కా కాలేదు. అది కొద్దిపాటిదీ కాదు, ఎక్కువ పాలు అదే. కాబట్టి బాగా కలిసిపోయింది గనక దోషం పోయిందన్న మాట నిలవదు. సీసాను ఎంత కుదిపినా ఈ విషయంలో చుక్కంత తేడా రాదు. అనుమతి ఉందంటే అది మూలం వల్ల, లేదా వాడుక వల్ల రావాలి. ఈ వాదాల్లో తల దూర్చకూడదనుకొనేవారికి అత్తరు ఎప్పటినుంచో ఉంది. పూలను మరిగించిన ఆవిరిని గంధపు నూనెలోకి పట్టే అసలైన అత్తరులో మద్యసారం ఉండదు, కుదిపే పనీ లేదు.

వాడుక అనే ప్రమాణాన్ని స్వతంత్ర భారత న్యాయస్థానం కూడా తేల్చవలసి వచ్చింది. 1949 బొంబాయి మద్యనిషేధ చట్టం మద్యసారం ఉన్న ద్రవాలన్నిటినీ మద్యంగానే నిర్వచించింది. ఎఫ్.ఎన్. బల్సారా దాన్ని సవాలు చేశారు. 1951లో సుప్రీంకోర్టు చట్టంలో చాలా భాగాన్ని నిలబెట్టి, మద్యసారం కలిసిన మందులను, ఒంటికి రాసుకొనే సుగంధద్రవ్యాలను ఉంచుకోవడం మీదా వాడడం మీదా ఉన్న నిషేధాన్ని కొట్టేసింది. 1955లో అలాంటి మందులకూ సుగంధద్రవ్యాలకూ వేరే సుంకం చట్టం వచ్చింది. ఒంటికి రాసేది వేరు, తాగేది వేరు అన్న గీత అలా చట్టంలోకి ఎక్కింది. ఆ గీతను గట్టిపరచడానికి తయారీదారులు మద్యసారంలో తాగడానికి వీల్లేని పదార్థాలు కలుపుతారు. వాటిలో ఒకటైన డెనటోనియం బెంజోయేట్ అత్యంత చేదు పదార్థాలలో ఒకటి.

అయినా ఆ గీత మనిషి చేతిలోనే ఉంది. 2016 డిసెంబరులో రష్యాలోని ఇర్కుట్స్క్‌లో స్నానానికి వాడే ద్రవాన్ని మద్యం బదులు తాగి డెబ్బైమందికి పైగా చనిపోయారు. అందులో విషపూరితమైన మిథైల్ ఆల్కహాల్ ఉంది. వాడుకను బట్టి వస్తువుకు పేరు పెట్టే సూత్రం మనిషి ఆ వాడుకను పాటించినంతవరకే పనిచేస్తుంది. మూలాన్నిబట్టి చెప్పే తీర్పుకు ఈ బలహీనత లేదు, వాడుక ఏదైనా మూలం మారదు. రెండు సూత్రాల్లో వాడుకదే సరైనదిగా తోస్తున్నా, దాన్ని ఎంచుకొన్న సమాజం కాపలా కూడా కాయాలి. వారుణివాహిని పేరుతో ప్రభుత్వమే సారా అమ్మి, 1992లో దూబగుంట స్త్రీల నుంచి మొదలైన పోరాటం తరవాత 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చి, 1997లో దాన్ని ఎత్తేసిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి ఈ కాపలా ఎంత బరువో తెలుసు.

ఉట్నూర్ చుట్టుపక్కల అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున రాలిన పువ్వును పొద్దున్నే ఏరుకొస్తారు. చక్కెర ఎక్కువగా ఉండే ఆ పువ్వును ఎండబెట్టి తింటారు, నానబెట్టి పులిసిన తరవాత బట్టీ పెట్టి సారా తీస్తారు. గోండుల పెళ్లిలో, చావులో, వంశదేవుడైన పెర్సా పేన్ పూజలో ఇప్పసారా ధారపోయడం ఆచారం. 1940లలో ఈ ప్రాంతంలో ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల మీద రాసిన పుస్తకంలో దీన్ని వివరంగా నమోదు చేశాడు. ఇక్కడ సారా దేవుడికీ మనిషికీ, పూర్వీకులకూ బతికినవారికీ నడుమ ఇచ్చిపుచ్చుకొనే వస్తువు. అదే పువ్వుతో ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళల సహకార సంఘం లడ్డూలు చేస్తోంది, వాటిని ఆశ్రమ పాఠశాలల పిల్లలకు పోషకాహారంగా ఇచ్చారు. మరోవైపు జైనూరు మండలం పట్నాపూర్‌కు చెందిన ఫూలాజీ బాబా బోధ విని ధ్యానమార్గం పట్టి మద్యమాంసాలు మానేసిన ఆదివాసులు తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ ఉన్నారు. వీరు తాతల ఆచారాన్ని కించపరచలేదు. తమ ఒంటికీ మనసుకూ మరొక క్రమశిక్షణ ఎంచుకున్నారు. ఒకే చెట్టు కింద ఇన్ని తీర్పులు ఉండగలవంటే తీర్పు పువ్వులో లేదు, దాన్ని ఎవరు ఎక్కడ ఎందుకు వాడుతున్నారన్న దానిలో ఉంది.

నీటి విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర కోసం గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరిలోని హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి నీళ్లు తెస్తారు. ఆ నీళ్లున్న ఝరిని దారిలో నేల మీద పెట్టరు. రసాయనికంగా అది గోదావరి నీరే, అదే నదిలో పశువులు తాగిన నీరే. దాన్ని వేరు చేసేది నడక, నియమం, నేలను తాకనివ్వని జాగ్రత్త. పదార్థాన్ని ఏమాత్రం మార్చకుండానే దాని స్థాయిని మార్చగల శక్తి ఆచారానికి ఉందనడానికి దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. కుదిపి కలపడం వల్ల కాని పని, మోసుకొచ్చే తీరు వల్ల అవుతోంది.

ఇక ఆఫ్టర్‌షేవ్ ఊసే రాని సందర్భాలు కొన్ని ఉన్నాయి. దీపావళి ముందు రోజుల్లో జరిగే గోండుల దండారి పండుగలో గుస్సాడీ వేషం కట్టినవారు నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకొని ఊరూరా ఆడతారు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. ఒంటి మీదున్న బూడిదతోనే వారు దేవుడి మనుషులు, దాన్ని కడిగితే ఆ స్థితి పోతుంది. మర్లవాయికి చెందిన కనకరాజు 2021లో పద్మశ్రీ అందుకున్నది ఈ నృత్యాన్ని నిలబెట్టినందుకే. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలదీక్ష 41 రోజులూ గడ్డం గీయించుకోరు. హజ్‌కు ఇహ్రామ్ కట్టినవారు వెంట్రుక తీయరు, సుగంధం రాసుకోరు, ఆ సుగంధం మద్యసారం లేని అత్తరైనా సరే. ఈ మూడు చోట్లా అభ్యంతరం సీసాలోని పదార్థం మీద కాదు, అలంకారం మీద. రంజాను ఉపవాసంలో ఉన్నవారికి సంగతి వేరు. చర్మానికి రాసుకున్న పరిమళంతో రోజా చెడదని పండితుల మాట, ఎందుకంటే అది లోపలికి పోయే ఆహారం కాదు.

ఈ దీక్షల్లో లేనివారికి మిగిలేవి రెండు నిర్ణయాలు. మద్యసారం ఉన్నదాన్ని వాడాలా అన్నది ఒకటి. దాన్ని ఎవరి సంప్రదాయాన్ని బట్టి వారు మూలం చూసో, వాడుక చూసో తేల్చుకోవాలి, బాగా కలిసిందన్న సాకుతో తేల్చుకోకూడదు. సీసాను కుదపాలా అన్నది రెండోది. పొరలు కట్టిన సీసాలో ఏ పాళ్లలో రాసుకోవాలని తయారీదారు ఉద్దేశించాడో ఆ పాళ్లు కుదిపినప్పుడే చేతికొస్తాయి, కనుక కుదపాలి. తేటదానిలో ఆ పాళ్లు మొదటి నుంచీ అంతటా ఉన్నాయి. చర్మం మీద మద్యసారం నిలిచేది కొద్ది నిమిషాలే. అది ఆవిరయ్యాక గ్లిజరిన్, తైలాలు మిగులుతాయి, వాటితోపాటు అన్నంభట్టు పృథివికి మాత్రమే ఇచ్చిన గుణం మిగులుతుంది.